వఱద తీసిన పిమ్మట న్యాయము

వఱదనీరు ఊరు విడిచిపోవుటతో విపత్తు ముగిసినదని తలంచువారు విపత్తు నెఱుగనివారు. నీరు తీసిన మఱునాడే రెండవ విపత్తు ఆరంభమగును. గోడ యెంత యెత్తువఱకు తడిసినది, గాదెలోని ధాన్య మెంత మొలకెత్తినది, ఆ యింట కాపుర మున్నదెవరు, ఆ పొలము దున్నినదెవరు అను ప్రశ్నలతో జాబితా వ్రాయువాడు వీథిలోనికి వచ్చును. అతడు అరగడియలో వ్రాసిపోవు ఒక్క పంక్తిమీద ఒక కుటుంబముయొక్క పది సంవత్సరముల బ్రతుకు ఆధారపడియుండును. నీటికి పక్షపాతము లేదు, జాబితాకు ఉండవచ్చును. నేడు మేము విచారింపదలచినది ఈ రెండవ విపత్తును గూర్చియే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి బుడమేటికి మూడుచోట్ల గండ్లు పడి, విజయవాడలోని సింగునగరు, పాయకాపురము మొదలగు పేటలు దినములతరబడి నీట నుండినవి. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి కొల్లేట గలియు ఈ చిన్నయేటి వఱదను వెలగలేరు వద్దనుండి కృష్ణలోనికి మళ్లించుటకు కాలువ గలదు. కాని ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైబడి ప్రవహించుచుండెను. పెద్దనది నిండియున్నపుడు చిన్నయేటిని లోనికి రానిచ్చునా? ఆ దినముననే మున్నేరు పొంగి ఖమ్మమును ముంచెను. ఇది క్రొత్త కథ కాదు. 2009 అక్టోబరులో తుంగభద్రా హంద్రీనదులు కర్నూలును ముంచినవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు ఇండ్ల పైకప్పులను లేవదీసినది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను గోదావరీ కృష్ణామండలముల వరిచేలను పండబెట్టినది. విపత్తు వచ్చునా రాదా యనుట మనకు ప్రశ్న కాదు; ఎప్పుడు వచ్చుననుటయే ప్రశ్న.

ఇట్టి దేశమున ఆస్తిగలవానికి సాయమెందుల కని యడుగువారు కలరు. మేడయున్నవానికి ఏమి లోటు, పది యెకరములున్నవానికి ఏమి కొఱత యని వారి తలంపు. మేము వారి నొక్కటి యడుగుదుము. విజయవాడలో మునిగిన పేటలలో నివసించువారు జమీందారులా? జీవితమంతయు కూడబెట్టిన సొమ్ముతో, బ్యాంకుఋణముతో, భార్య మెడలోని బంగారముతో రెండుగదుల యిల్లు కట్టుకొన్న గుమాస్తాలు, మోటారుపనివారు, చిల్లరవర్తకులు వారు. ఇల్లు పాడైనను దానిపైనున్న అప్పు పాడుకాదు. నెల తిరుగగానే వాయిదా వచ్చి వాకిట నిలుచును. పేదవాడు చేయిచాపి యడుగగలడు. ధనికు డడుగ నక్కఱలేదు. నడుమనున్న గృహస్థునకు అడుగ నోరాడదు, అడుగక దినము గడువదు. అతడు కోరునది దానము కాదు. పన్ను కట్టినవాడు, చట్టమునకు లోబడి బ్రతికినవాడు తన కష్టకాలమున రాజ్యమునుండి కోరదగిన న్యాయము.

చట్టమును ఈ దృష్టితోనే పుట్టినది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము తన తొలిరూపమున 12వ విభాగమందు బాధితుల కీయవలసిన కనీస సహాయమును పేర్కొనుచు, ప్రాణనష్టముతోబాటు గృహనష్టమును, జీవనోపాధిని తిరిగి నెలకొల్పుకొనుటను గూడ అందు చేర్చినది. కోవిడు మృతుల కుటుంబములను గూర్చిన వ్యాజ్యమున 2021 జూను 30వ తేదీన సుప్రీంకోర్టు ఈ విభాగమునకు అర్థము చెప్పుచు, ఇది అధికారుల యిచ్ఛకు విడిచిన విషయము కాదనియు, తప్పక చేయవలసిన విధియనియు తీర్పు చెప్పెను. కావున సాయము దయాభిక్ష యను మాట ఇక చెల్లదు.

2024 సెప్టెంబరులో రాష్ట్రప్రభుత్వము చేసిన సాయమును తక్కువచేసి చెప్పుట మా యుద్దేశము కాదు. విజయవాడలో మునిగిన యిండ్లలో క్రింది యంతస్తువారికి 25,000 రూపాయలు, పై యంతస్తులవారికి 10,000 రూపాయలు, వరిచేనికి హెక్టారునకు 25,000 రూపాయలు ప్రకటించిరి. కేంద్రప్రభుత్వము 2022-23 నుండి 2025-26 వఱకు నిర్ణయించిన కొలమానము ప్రకారము నీటివసతిగల పంటకు హెక్టారునకు వచ్చునది 17,000 రూపాయలు మాత్రమే. అదియును రెండు హెక్టారులకు మించి లేదు. రాష్ట్రము దానికి మించి యిచ్చినది, అందుకు సంతోషమే. కాని సొమ్ము ప్రకటించుట వేఱు, సొమ్ము తగినవాని చేతికి చేరుట వేఱు. తమ పేరు జాబితాలో లేదని, ఇల్లు తప్పుగా వ్రాసిరని దరఖాస్తులు చేతబట్టి పలువురు కార్యాలయముల ముందు బారులు తీరవలసివచ్చెను. వఱదలో నిలిచిన కాళ్లే మరల ఎండలో నిలిచినవి.

ఆ జాబితాలో ఒక్క మాటకు ఎంత వెలయో పాఠకులు గమనింతురు గాక. అదే కేంద్రపు కొలమానములో మైదానప్రాంతమున పూర్తిగా పాడైన యింటికి 1,20,000 రూపాయలు. పాక్షికముగా, అనగా కనీసము 15 శాతము దెబ్బతిన్న పక్కాయింటికి 6,500 రూపాయలు. 'పూర్తిగా' 'పాక్షికముగా' అను రెండు మాటల నడుమ 1,13,500 రూపాయల దూరము గలదు. గోడలు నిలిచియున్నవి గాని పునాది క్రుంగినది. కప్పు ఉన్నది గాని దూలములు పగిలినవి. అట్టి యింటి కేమి పేరు పెట్టవలెను? వాస్తుజ్ఞానము లేని యుద్యోగి వీథిలో నిలిచి చూచి 'పాక్షికము' అని వ్రాసిపోయిన, ఆ గృహస్థుడు ఆ మాటను ఏ న్యాయస్థానమునకు మోసికొని పోవలెను? చచ్చినవాని పెండ్లికి వచ్చినదే కట్నమని సరిపెట్టుకొని యూరకుండవలసినదేనా?

ఇచ్చట మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట యొకటి కలదు. న్యాయము వేఱు, క్షేమము వేఱు అని మన పరిపాలకులు తలంచుచున్నారు. నష్టపరిహారము రెవిన్యూవారి పని, ఆరోగ్యము మునిసిపాలిటీవారి పని, గోడల బలము ఇంజనీరుల పని యని పంచుకొనుచున్నారు. వాస్తవమున ఈ రెండును ఒకటియే. జాబితామీద నమ్మకములేని గృహస్థుడు నెఱ్ఱెలు వారిన యింటినుండి కదలడు. కదలినచో తన పేరు పోవునేమో యని అతని భయము. తడిసిన పరుపులను, కుళ్లిన ధాన్యమును, బురదను అధికారి వచ్చి చూచువఱకు ఇంటనే యుంచుకొనును. ఏలన, అవియే అతని సాక్ష్యములు. ఆ బురదలోనే పిల్లలు తిరుగుదురు, ఆ తడిగోడప్రక్కనే ముసలివారు పండుకొందురు. ఎండ కాసినకొలది నీట నానిన మట్టిగోడ బిగువు సడలి, వఱదరోజున కూలనిది వారము తరువాత కూలును. ఇట్లు ఆలస్యమైన న్యాయము స్వయముగా నొక ప్రమాదమగుచున్నది. న్యాయము త్వరగా, బహిరంగముగా జరిగిన యూరిలోనే జనులు క్షేమముగా తమ యిండ్లను చక్కబెట్టుకొందురు.

కావున ప్రభుత్వము చేయవలసినవి కొన్ని కలవు. నీరు తీసినవెంటనే, గృహస్థుడు తీసిన ఛాయాపటములే చాలిన సాక్ష్యమనియు, బురద తీసివేసినంతమాత్రమున హక్కు పోదనియు వాడవాడల చాటింపు వేయవలెను. జాబితా వ్రాయువానితో ఇంజనీరు ఒకడు తప్పక రావలెను. ఇల్లు నివాసయోగ్యమా కాదా యనునది, నష్ట మెంతయనునది ఒక్క రాకలోనే తేలవలెను. 'పాక్షికము' అని వ్రాసినచో ఎందులకో రెండు మాటలలో కారణము వ్రాసి, ఆ కాగితపు నకలు గృహస్థున కీయవలెను. పూర్తియైన జాబితాను సచివాలయపు గోడకు అంటించుటతో సరిపెట్టక, గ్రామమున రచ్చబండవద్దను పట్టణమున వాడసభలోను బిగ్గఱగా చదువవలెను. ఎవని నష్ట మెంతయో ఇరుగుపొరుగువారికంటె నెఱిగినవారు లేరు. పదిమంది యెదుట చదివిన జాబితాలో లేని యిల్లు పుట్టదు, ఉన్న యిల్లు మాయము కాదు. ఆక్షేపణ చెప్పుకొనుటకు గడువును, విని నిర్ణయించుటకు జాబితా వ్రాసినవాడుగాక వేఱొక యధికారియు నుండవలెను.

ఇక మన వైపు చూచుకొందము. ప్రభుత్వమును విమర్శించుట సులభము; ఈ పత్రిక చదువు భూస్వాములును గృహయజమానులును తమ ధర్మము నెంతవఱకు నెఱవేర్చుచున్నారు? వఱదలో నష్టపడినది ఒకరు కాదు. గోడ, నేల, కప్పు యజమానివి. మంచము, వంటపాత్రలు, పిల్లల పుస్తకములు అద్దెకున్నవానివి. నేల భూస్వామిది, విత్తనము, ఎరువు, కూలి, అప్పు కౌలుదారునివి. గోడ కూలిన నష్టము యజమానికి, సామాను పోయిన నష్టము అద్దెకున్నవానికి, పంట పోయిన నష్టము పండించినవానికి చేరుటయే న్యాయము. ఒకని నష్టమునకు వేఱొకడు సొమ్ము పుచ్చుకొనుట, ఎంత చట్టబద్ధమైన కాగితము చేతనున్నను, ధర్మమున కంగీకృతము కాదు.

మన డెల్టాలో పొలము దున్నువారిలో ఎందఱు కౌలుదారులో మనకు తెలియనిది కాదు. పాసుపుస్తకము భూస్వామి పేరనున్నది. కనుక పరిహారమును అతని ఖాతాకే పోవుట తటస్థించుచున్నది. దీనిని సరిదిద్దుటకే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. భూస్వామి సంతకముతో 11 నెలల ఒప్పందము వ్రాసికొన్న కౌలుదారునకు పంటపై హక్కు, పంటఋణము, పంటనష్టపు సాయము లభింపజేయుట దాని యుద్దేశము. భూయాజమాన్యమున కది యేవిధముగను భంగము కలిగింపదని ఆ చట్టమే చెప్పుచున్నది. అయినను సంతకము పెట్టిన పొలము పోవునను భయము మనలో పోలేదు. తాతలనాటి కౌలుచట్టముల వాసన యింకను మనస్సుల నుండి వదలలేదు. సంతకము లేనిచో కౌలుదారుడు జాబితాలో లేడు. జాబితాలో లేనివాడు సాయమునకు దూరుడు. పంట పోయి, సాయమును పోయి, వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కినవాడు మఱుసటి యేడు మన పొలమునకు నాగలి కట్టునా? తన కౌలుదారుని నిలుపుకొన్న భూస్వామియే తన భూమిని నిలుపుకొన్నవాడు. పంట 33 శాతమునకు తక్కువగాక నష్టమైనచో బ్యాంకుఋణపు గడువును పొడిగించు పద్ధతిని రిజర్వుబ్యాంకు 2018లో నిర్దేశించినది. అట్టి సౌకర్యమును, ఋణము కాగితముపై నున్నవానికే గాని నోటిమాటపై దున్నువానికి లేదు.

అబద్ధపు జాబితాలను గూర్చియు నొకమాట. మునుగని యిల్లు మునిగినదని వ్రాయించుకొనుట కొందఱికి చమత్కారముగా తోచుచున్నది. 2005 చట్టము 52వ విభాగము ప్రకారము తప్పుడు క్లెయిముతో సాయము పొందినవానికి రెండేండ్లవఱకు కారాగారము, జరిమానాయు గలవు. కాని చట్టభయముకంటె గొప్పది వేఱొకటి యున్నది. కొందఱు దొంగపేర్లు వ్రాయించుటచేత అధికారి అందఱినీ అనుమానించును. ఆ యనుమానపు భారము నిజముగా మునిగినవానిపై పడును. ఇక ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్ట కాల్చుకొన నిప్పడిగినవానివలె, పరిహారములో వంతు కోరు దళారులును, కష్టములోనున్నవాని స్థలమును కారుచౌకగా కాజేయజూచువారును, బయానా పుచ్చుకొని మాయమగు కంట్రాక్టరులును ఇట్టి సమయముననే బయలుదేరుదురు. వఱద తీసిన నెలలో ఏ క్రయపత్రము మీదను తొందరపడి సంతకము చేయరాదు. మరమ్మతుపనికి మొత్తము సొమ్ము ముందుగా నీయరాదు.

గృహస్థుడు తన్ను తాను కాపాడుకొను మార్గములును కలవు. దస్తావేజు నీటిలో పోయినంతమాత్రమున హక్కు పోదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 57వ విభాగము ప్రకారము సబురిజిస్ట్రారు సంతకముతో, ముద్రతో ఇచ్చు నకలు అసలుపత్రములోని విషయమును ఋజువుచేయుటకు సాక్ష్యముగా చెల్లును. ఈ సంగతి తెలియక దిగులుతో మంచము పట్టినవారు ఎందఱో! బీమా మాటయు నట్టిదే. 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి సాధారణ బీమా కంపెనీలన్నియు ఒకే షరతులతో అమ్మవలసిన భారత్ గృహరక్ష యను పాలసీ యున్నది. అగ్నితోబాటు తుపాను, వఱద, భూకంపములవలని నష్టము దానిలో చేరియున్నది. కట్టడమునకు బీమా చేసినచో ఆ మొత్తములో ఐదవవంతు వఱకు, 10 లక్షల రూపాయలకు మించకుండ, ఇంటిసామానునకును రక్షణ కలుగును. బంగారమును పెట్టెలో దాచుకొని, ఆ పెట్టె యున్న యింటిని గాలికి విడుచుట మన యాచారమైనది. కంపెనీ అన్యాయముగా త్రోసిపుచ్చినచో బీమా ఒంబుడ్సుమనునకు ఏడాదిలోపల రుసుములేకయే ఫిర్యాదు చేయవచ్చును. నీట మునిగిన మోటారుబండిని మాత్రము నడిపి చూడరాదు. ఇంజను పాడగుటయే గాక, ఆ నష్టము నీ చేతులార చేసికొన్నదని కంపెనీ వాదించును.

ఇంటిలో తిరిగి అడుగిడుటయు నొక క్రమముతో చేయవలసిన పని. పగటివేళనే, మగవారు ఇద్దఱు కలిసి, పిల్లలను బయటనుంచి వెళ్లవలెను. మొదట విద్యుత్తు ప్రధానపు స్విచ్చి తీయవలెను. అది నీటిలోనున్నచో ముట్టక విద్యుత్‌శాఖవారిని పిలువవలెను. వంటగ్యాసు వాసన తగిలినచో దీపము వెలిగింపరాదు. గోడకు నీరు నిలిచిన గీతను, పగుళ్లను, చెడిన సామానును ఛాయాపటములు తీసిన పిమ్మటనే బురదకు చేయి వేయవలెను. పెట్టెల చాటున, కట్టెల క్రింద పాములుండునని మఱువరాదు. మునిగిన బావినీటిని తోడివేసి బ్లీచింగు పొడి వేసి, ఆపైనను కాచి త్రాగవలెను. ఇవి చిన్నమాటలవలె తోచును. వఱదను దాటి బ్రతికినవారు ఇట్టి చిన్నమాటలను మఱచియే తరువాత ప్రమాదముల పాలగుచున్నారు.

కడపటి ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. పాడైన యింటిని తిరిగి ఎచ్చట కట్టవలెను? ఏటిగర్భములో గోడ లేపి, ఏరు వచ్చినదని యేడ్చుట యెంతకాలము? అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? బుడమేటి దారిని ఆక్రమణలనుండి విడిపింతుమని ప్రభుత్వము 2024 వఱద పిమ్మట ప్రకటించినది. ఏరు తన దారిని తాను పోవలెననుటలో మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని ఆక్రమించినవాడు వేఱు, మోసపోయినవాడు వేఱు. ప్రభుత్వ కార్యాలయముననే రిజిస్టరు చేయించుకొని, ముద్రలు పడిన ప్లానుతో కట్టుకొని, ఏటేట ఇంటిపన్ను చెల్లించిన గృహస్థుని ఒకనాటి ఉదయము ఆక్రమణదారుడని పిలుచుట న్యాయమా? ఆ ముద్ర వేసిన చేయి ఎవరిది? అట్టివానిని కదల్పవలసివచ్చినచో ముందుగా నోటీసు, విచారణ, 2013 నాటి భూసేకరణ చట్టమున జెప్పిన తీరున పరిహారము, వేఱొకచోట నివాసము చూపిన పిమ్మటనే కదల్పవలెను. పలుకుబడిగలవాని ప్రహరీ నిలిచి, బలహీనుని గుడిసె మాత్రము కూలినచో, అది ఏటిని బాగుచేయుట కాదు.

మన తీరము దుఃఖమునుండి నేర్చుకొనజాలనిది కాదు. 1864 నవంబరులో మచిలీబందరును సముద్రము ముంచినపుడు ముప్పదివేలమంది మడిసిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన కబళించి పదివేలకు తక్కువగాక ప్రాణములను బలిగొన్నది. ఆ దివిసీమ గుణపాఠముతోనే తీరమువెంట తుపాను రక్షణగృహములు లేచినవి, హెచ్చరికలు మెఱుగుపడినవి. తరువాతి తుపానులలో ప్రాణనష్టము ఎంతయో తగ్గినది. ప్రాణములను కాపాడుట మనము నేర్చుకొంటిమి. బ్రతికినవాని బ్రతుకును కాపాడుట ఇంకను నేర్చుకొనవలసియున్నది. కొబ్బరిచెట్టు కూలిన మరల కాపునకు వచ్చుటకు ఐదాఱేండ్లు పట్టును. ఆ యేండ్లలో ఆ తోట యజమాని యేమి తినవలెనో ఏ జాబితాలోను వ్రాసియుండదు.

వఱద రాకముందే ఈ పని మొదలుపెట్టుడు. వేసవిలోనే ఊరూర ఇండ్ల జాబితా, వాని కట్టడపు రకము, యజమాని పేరు, కాపురమున్నవాని పేరు, పొలము దున్నువాని పేరు వ్రాసి, సభలో చదివి, సరిదిద్ది యుంచుడు. వఱద వచ్చినపుడు నష్టమును మాత్రము వ్రాసికొనిన చాలును. భూస్వాములారా, కౌలుపత్రముపై ఈ వేసవియందే సంతకము చేయుడు. గృహయజమానులారా, దస్తావేజుల నకళ్లు తీసి వేఱొక యూరిలోని బంధువులయింట దాచుడు. ప్రజాప్రతినిధులారా, నీటిలో నిలిచి పటములు తీయించుకొనుట చాలును. జాబితా చదువు సభకు వచ్చి కూర్చుండుడు. మేఘము మన యాజ్ఞకు లోబడదు. జాబితా మన చేతివ్రాత. అది నిజాయితీగా నుండుట మన చేతిలోని పని.